నాలుగు ఒకటి తొమ్మిది

మూడో తప్పు. బోర్గిల్ తర్నోయ దీవికి వచ్చింది డెబ్బై రెండులో కాదు, డెబ్బై ఒకటిలో, సెప్టెంబరు నెలలో, ఉత్తరాలు మోసే పడవలో. దీవికి ఆవలి ఒడ్డున, పంచాయతీ హాలులో, ముందు వరసలో కూర్చున్న ఓస్మున్ తల ఎత్తలేదు. తన బూట్లకేసి చూస్తూ, వేదిక మీద మేయరు త్రూల్స్ కాగితం తిప్పిన చప్పుడు విన్నాడు. మొదటి తప్పు ఆమె పుట్టిన ఊరు. రెండోది ఆమె నవ్వు. ఎన్నడూ చెరగని చిరునవ్వు అన్నాడు మేయరు. అలాంటిది దుకాణం అద్దాల వెనక బొమ్మలకుంటుంది. బోర్గిల్ ఏడాదికి నాలుగైదు సార్లు నవ్వేది, అదీ ఎవరో జారిపడబోయి నిలదొక్కుకున్నప్పుడు. నలభై నాలుగేళ్ళు కాపురం చేసినవాడికి తెలియదా. తెలిసినవాణ్ణి ఎవరూ అడగలేదు. పంచాయతీ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, మే పన్నెండున నర్సుల దినం, ఆ రోజు సిస్టర్ బోర్గిల్ గారికి సేవా పురస్కారం, కొత్తగా కట్టిన వృద్ధుల భవనానికి ఆవిడ పేరు, మీరు వేదిక మీదికొచ్చి అందుకోవాలి, కోటు వేసుకుంటే బాగుంటుంది అంది. కోటు వేసుకున్నాడు. ఆమెను పూడ్చిన రోజు వేసుకున్న కోటే. భుజాల దగ్గర వదులైంది. కోటు సాగలేదు, మనిషి తగ్గాడు.

కోటు కుడి జేబులో ఒక కాగితం ఉంది. ఆ అమ్మాయే పంపింది, పెద్ద పెద్ద అక్షరాల్లో నాలుగు వాక్యాలు, నా భార్య తరఫున కృతజ్ఞతలు అని మొదలవుతుంది. ఎడమ జేబులో ఇంకొకటి ఉంది. అది ఏడేళ్ళనాటిది, నాలుగు మడతలు, మడతల దగ్గర చిరుగుతోంది. పేరు పిలవగానే వేదిక ఎక్కి ఎడమ జేబులోది తియ్యాలి. ఇరవై రోజులుగా పడవషెడ్డులో, చేపలు కోసే బల్ల ముందు నిలబడి, దాన్ని పైకి చదువుతున్నాడు. దీవి బడిలో రోజు విడిచి రోజు ఏడేళ్ళు చదివాడు, మిగతా రోజుల్లో తండ్రితో వల లాగాడు. ఆ పాటి చదువుకి ఒక ఉత్తరం చదవడం వస్తుంది. చదవాలి, కింద సంతకం పేరుతో సహా చదవాలి, దిగిపోవాలి. అంతే. సంతకం దగ్గర ఆగకపోతే నోరు దానంతటది ఆ ఉదయం మీదికి పోతుంది. ఆ ఉదయం జోలికి పోకూడదు. ఆ ఉదయం ఈ జనానిది కాదు. ఎవరికీ చెప్పనిది, పాస్టరుకి చెప్పనిది, అంబులెన్సు పడవలో వచ్చిన కుర్రడాక్టరు ఎప్పుడు ఫోన్ చేశారు అని అడిగితే వెంటనే చేశాను అని కప్పేసినది.

"ఓస్మున్, ఆ బల్ల మీద పూలు ప్లాస్టిక్‌వంటావా?" పక్క కుర్చీలోంచి ఆల్‌ఫ్రిడ్ గుసగుసలాడింది. పక్కింటి మనిషి, ఎనభై ఒకటి నిండాయి, గుసగుస అంటే ఆమెకి మూడు వరసల దాకా వినిపించడం.

"మాట్లాడకు."

"ప్లాస్టిక్కే. దుమ్ము కనపడుతోంది. మంగళవారం నీకు ఫోన్ చేశాను, తియ్యలేదు."

"నేను తియ్యను."

"తియ్యనివాడివి ఎందుకుంచుకున్నావయ్యా దాన్ని?"

ఫోన్ నడవాలో గోడకుంది, పాత రకం, వైరుతో ఉన్నది. బోర్గిల్ పోయి ఏడాదిన్నర దాటింది, ఇప్పటికీ వారానికి రెండు మూడు సార్లు మోగుతుంది. ఎవరో మర్చిపోయి చేస్తారు. మర్చిపోవడం కూడా కాదు, ఒళ్ళు మండుతుంటేనో బిడ్డకి ఊపిరాడకపోతేనో బుర్ర కాదు, వేలు పనిచేస్తుంది. నాలుగు ఒకటి తొమ్మిది. దీవిలో అన్ని నంబర్లకీ ముందు అంకెలు ఒకటే, అందుకని అందరూ చివరి మూడే చెప్పుకుంటారు. పిల్లలకి తల్లి పేరు, తండ్రి పేరు, ఆ తర్వాత నాలుగు ఒకటి తొమ్మిది నేర్పేవాళ్ళు. అది మోగుతుంటే ఓస్మున్ వంటింట్లో కూర్చుని వింటాడు. ఆగేదాకా వింటాడు. ఆగాక లేచి ఏదో ఒక పని చేస్తాడు, కత్తి నూరడమో, నూరిన కత్తినే మళ్ళీ నూరడమో.

"ఏ ఇంటికి వెళ్ళినా, ఒక కప్పు కాఫీకి ఆమె దగ్గర ఎప్పుడూ సమయముండేది" అంటున్నాడు త్రూల్స్, జనం నవ్వారు, అవును అవును అన్నట్టు తలలూపారు. నాలుగో తప్పు, ఇది అన్నిటికన్నా పెద్దది. ఆమెకి కాఫీ అంటే అసహ్యం. కాచి కాచి తారులా చేసిన దీవి కాఫీ, అడుగున ఇసుకలాంటి పొడి, రోజుకి తొమ్మిది ఇళ్ళు, తొమ్మిది కప్పులు. కడుపులో మంట, నాలుక మీద చేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే గ్లాసుడు వేడినీళ్ళు పోసుకుని, గోడకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని తాగేది. మరి వద్దని చెప్పొచ్చుగా అంటే, "వద్దంటే పుండు చూపించరు" అనేది. నిలబడి అడిగితే అందరూ బాగానే ఉన్నామంటారు. కూర్చుని, కప్పు పట్టుకుని, వాతావరణం గురించి, గొర్రెల గురించి మాట్లాడి, రెండో కప్పు పోయించుకున్నాక, లేవబోతున్నప్పుడు అప్పుడు చెప్తారు, సిస్టర్, ఇదిగో రొమ్ములో ఇక్కడ గట్టిగా తగులుతోంది అని. ముప్పై ఎనిమిదేళ్ళు ఆమె ఆ రెండో కప్పు కోసం మొదటిది తాగింది. అది ఆమె పనిముట్టు, కత్తెరలాగా, దూదిలాగా. దాన్ని వీళ్ళు విందు అనుకున్నారు. ఆమె కడుపు నొప్పితో నేలమీద ముడుచుకుని పడుకున్న ఆదివారాలు ఎవరు చూశారు. ఓస్మున్ చూశాడు. చూసి, నీకు బుద్ధి లేదు అన్నాడు. ఆ మాటా ఇప్పుడు లోపల తిరుగుతోంది. సాయం చెయ్యనివాడి నోట్లోంచి అలాంటి మాటలే వస్తాయి.

వేదిక పక్కన తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఆమె మందుల నల్లపెట్టె పెట్టారు. రెండు వారాల కిందట ఆఫీసు వాళ్ళొచ్చి అడిగి తీసుకెళ్ళారు, భవనంలో గాజు అల్మరాలో ఉంచుతారట. దాన్ని తుడిచారు. తుడవడమే కాదు, మెరుగు పెట్టారు. అంచుల్లో ఉప్పు గీతలుండేవి, తెల్లగా, చెట్టు లోపలి వలయాల్లాగా, ఏ తుఫానుకి ఏ గీతో ఓస్మున్‌కి తెలుసు. ఒక్కటీ మిగల్లేదు. కొత్త పెట్టెలా ఉంది, ఎవరి పెట్టైనా కావచ్చు అన్నట్టుంది. డెబ్బై ఒకటి సెప్టెంబరులో ఆ పడవ తోలింది ఓస్మునే. రేవులో అలలు, నిచ్చెన తడి, పట్నం అమ్మాయి, ఇరవై ఆరేళ్ళు. పెట్టె ఇలా ఇవ్వమ్మా అని చెయ్యి చాపాడు. "నా పెట్టె నేనే మోస్తాను, నువ్వు పడవ కదలకుండా పట్టుకో" అంది. పట్టుకున్నాడు. ఆ తర్వాత నలభై ఆరేళ్ళూ అదే పని. గుండె నొప్పికి, పురిటికి, గాలానికి చిక్కిన వేళ్ళకి, బయటి దిబ్బల మీది మూడు ఇళ్ళకి, అతను పడవ పట్టుకునేవాడు, ఆమె దూకేది. సణుగుతూ పట్టుకునేవాడు, అది ఒప్పుకోవాలి. వేడి వేడి చేపల పులుసు చల్లారబెట్టి వెళ్ళిన రోజుల్లో దారంతా మాట్లాడేవాడు కాదు. ఆమెకది శిక్ష అనుకునేవాడు. ఆమె ఆ నిశ్శబ్దంలో హాయిగా కునుకు తీసేది.

"నాయకత్వం" అన్నాడు మేయరు. ఆ మాట దగ్గర గొంతు పెంచాడు. ఆమె సేవికే కాదు, నాయకురాలు కూడా అన్నాడు, ఏం చేసిందో చెప్పలేదు. చెప్పడు. డెబ్బై నాలుగు వేసవిలో దీవి పిల్లలు పదకొండు మంది వాంతులూ విరేచనాలతో పడిపోయారు. బోర్గిల్ ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ నీళ్ళు తాగారో రాసుకుంది, రాసుకుని నేరుగా పై బావి దగ్గరికి వెళ్ళింది. బావి ఈ త్రూల్స్ తాతది. గొర్రెల దొడ్డి మురుగు అందులోకి దిగుతోంది. మూసెయ్యమంది. ముసలాయన, మా తాతలనాటి బావి, నిన్నగాక మొన్నొచ్చిన ఆడదానివి నువ్వెవతివి అన్నాడు. ఆమె ఓస్మున్ వైపు తిరిగి, పలకలు తే, మేకులు నాలుగంగుళాలవి తే అంది. అతను తెచ్చాడు, కొట్టే ధైర్యం లేక పక్కన నిలబడ్డాడు. సుత్తి ఆమే తీసుకుంది. ముసలాయన అరుస్తున్నాడు, మొగాళ్ళంతా చేతులు జేబుల్లో పెట్టుకుని సముద్రం వంక చూస్తున్నారు, ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మేకు తర్వాత మేకు దిగ్గొడుతోంది. పద్నాలుగు మేకులు. ఆ రాత్రి నుంచి ఆరు వారాలు దీవిలో ఎవరూ ఆమెకి కాఫీ ఇవ్వలేదు. ఆమె కడుపు బాగుపడింది, అది వేరే సంగతి. ఏడో వారం ముసలాయన మనవడి పెదవికి గాలం గుచ్చుకుంది, నెత్తురు కారుతూ ఎత్తుకొచ్చారు. మూడేళ్ళ వాడు. గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆమె గాలం కొన తుంచి వెనక్కి లాగింది, ఒక్క కుట్టు వేసింది. ఆ పెదవే ఇప్పుడు మైకు ముందు కదులుతోంది, ఎడమ పక్క, గీత ఇప్పటికీ ఉంది, గడ్డం పెంచి కప్పుకున్నాడు.

కప్పుకోలేనిది ఎడమ జేబులో ఉంది. రెండు వేల తొమ్మిదిలో బోర్గిల్‌కి పదవీ విరమణ వయసొచ్చింది. ఆమెతో పాటే ఉద్యోగాన్నీ విరమింపజేశారు. దీవిలో నూట అరవై మందే కదా, ఆవలి ఒడ్డు నుంచి వారానికి రెండుసార్లు నర్సు వస్తుందన్నారు. వచ్చేది, అలలు లేనప్పుడు. జబ్బులు మాత్రం అలలున్నప్పుడూ వచ్చేవి. ఫోన్ మోగుతూనే ఉంది, ఆమె పెట్టె పట్టుకుని పోతూనే ఉంది, జీతం లేదు, అడిగినవాడూ లేడు. అంతేనా, దుకాణంలో తలుపు పక్కన ఒక కాగితం అంటించింది, ఎవరి గుమ్మం ఎవరు చూడాలి, ఏ ముసలివాళ్ళ పొగగొట్టంలో పొద్దున్నే పొగ రాకపోతే ఎవరు తలుపు తట్టాలి అని. ఆరుగురు ఆడవాళ్ళని పోగేసి కట్టు కట్టడం, గుండె నొక్కడం నేర్పింది, పిండి బస్తా మీద. ఇలా మూడేళ్ళు నడిచాక ఉత్తరం వచ్చింది. ఓస్మునే విప్పాడు, ఓస్మునే చదివాడు. పదవిలో లేని మీరు వైద్య సంబంధమైన పనులు చేస్తున్నట్టు మా దృష్టికి వచ్చింది, తక్షణం మానుకోగలరు, లేని పక్షంలో. ఆమె విని, కాగితం తీసుకుని, రొట్టెల డబ్బా కింద పెట్టి, కోటు తొడుక్కుంది.

"ఎక్కడికి?"

"మాగ్నె కాలికి. కట్టు మార్చాలి."

"ఇప్పుడు చదివింది చెవికెక్కలేదా? నీకు కోపం రాదా?"

"వస్తుంది. కానీ ఆ కాలికి రోజుకి రెండుసార్లు మార్చాలి."

మాగ్నె అంటే ఈ ఆల్‌ఫ్రిడ్ మొగుడు. ఆ కాలితోనే ఇంకో నాలుగేళ్ళు నడిచి పోయాడు. కాలు తీసెయ్యాలన్న డాక్టరు కంటే ఒక ఏడాది ఎక్కువ బతికాడు కూడా. బోర్గిల్ ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు, దాని మాటే మళ్ళీ ఎత్తలేదు. ఆమె మర్చిపోయింది. ఓస్మున్ మర్చిపోలేదు. ఆమె వంతు కోపం కూడా తనే మోశాడు. ఆమె పెట్టె మొయ్యనివ్వలేదు కాబట్టి ఇదైనా మోశాడు.

"ఇప్పుడు ఈ సభలో ఉన్న మన నర్సులందరూ దయచేసి లేచి నిలబడాలి" అన్నాడు మేయరు. కుర్చీలు కదల్లేదు. జనం అటూ ఇటూ చూశారు. నర్సు ఒక్కతే ఉంది, ఆమె అప్పటికే నిలబడి ఉంది, వెనక తలుపు దగ్గర. యుర్గా. లిథువేనియా పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయేమో, నాలుగు దీవులకి కలిపి ఒకతే. వాన కోటు విప్పలేదు. ఆమె చేతిలో ఫోన్ మోగుతోంది, ఎత్తింది, సరిగ్గా అప్పుడే జనం చప్పట్లు మొదలుపెట్టారు, వెనక్కి తిరిగి, నవ్వు మొహాలతో, ఆమెనే చూస్తూ. అవతలి మనిషి మాట ఆమెకి వినపడటం లేదు. రెండో చెవిలో వేలు పెట్టుకుంది. వంగింది. ఏంటి, ఏంటి, మళ్ళీ చెప్పండి అంటోందని పెదాలు చూస్తే తెలుస్తోంది. చప్పట్లు ఇంకా పెరిగాయి. ఆపండ్రా అని అరవాలనిపించింది ఓస్మున్‌కి, వినపడనివ్వండి, అవతల ఎవరో చస్తున్నారేమో. అరవలేదు. ఆ పిల్ల భుజంతో తలుపు తోసుకుని బయటికి పోయింది. చప్పట్లు కొడుతూనే ఉన్నారు, మూసుకుపోయిన తలుపుకి.

బడిపిల్లలు వరసగా వచ్చి పాట అందుకున్నారు. పాట తర్వాత పేరు పిలుస్తారు. ఎడమ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. తిన్నగా ఉత్తరం, తిన్నగా సంతకం. హాలు వెనక వంటగదిలో ఏదో ఉడుకుతోంది, మాడుతోంది కూడా, ఆ వాసన పిల్లల మధ్య నుంచి వచ్చి మొహాన తగిలింది. బంగాళాదుంపలు. వద్దు. నీళ్ళు ఇగిరిపోయి గిన్నె అడుగున అంటుకున్న బంగాళాదుంపల వాసన. వద్దు, పాట విను, ఆ చివరి పిల్లకి సాక్సు జారింది, అది చూడు. అక్టోబరు, పది గంటలు, పడవషెడ్డులోంచి పైకి వస్తుంటే మెట్ల దగ్గరే తగిలిన వాసన. ఏమే, గిన్నె చూసుకోవా అన్నాడు తలుపు తీస్తూ. ఆమెతో అన్న చివరి మాట అది, నడవాలోంచి, కోపంగా. బల్లకీ పొయ్యికీ మధ్య నేల మీద ఉంది. నోరు ఒక పక్కకి పోయింది. ఒక కన్ను సగం మూసుకుంది, రెండోది అతన్నే చూస్తోంది, తెలివిగా చూస్తోంది, రోగిని చూసినట్టు చూస్తోంది. ఏదో చెప్పింది. అర్థం కాలేదు. జేబులోంచి సెల్‌ఫోన్ తీశాడు, వేలు దానంతటదే నొక్కింది, ఎదురుచూశాడు, మరి అప్పుడు...

పాట అయిపోయింది. మైకులో అతని పేరు వినపడింది.

ఆల్‌ఫ్రిడ్ మోచేత్తో పొడిచింది. "లే. కోటు బొత్తాం పెట్టుకో."

మూడు మెట్లు. త్రూల్స్ చేతిలో చట్రం కట్టిన కాగితం, రంగు రంగుల ముద్ర. చెయ్యి కలిపాడు, ఆ చెయ్యి వెచ్చగా, మెత్తగా ఉంది. "మీరొచ్చినందుకు చాలా సంతోషం ఓస్మున్ గారూ. నాలుగు మాటలు చెప్పండి" అని పక్కకి జరిగాడు. ఓస్మున్ ఎడమ జేబులోంచి ఉత్తరం తీసి మడతలు విప్పాడు. అద్దాలు పెట్టుకున్నాడు. తేదీ చదివాడు. ఉత్తరం సంఖ్య చదివాడు, గీతతో సహా. జనం ఇంకా నవ్వు మొహాలతోనే ఉన్నారు, ఏదో పాత ప్రశంసాపత్రం అనుకున్నారు. పదవిలో లేని మీరు, అని చదివాడు. దృష్టికి వచ్చింది, అని చదివాడు. తక్షణం మానుకోగలరు అనేసరికి వెనక వరసల్లో ఎవరో దగ్గారు, ఆ దగ్గు సగంలో ఆగింది. లేని పక్షంలో చట్టపరమైన, అని చదివాడు. పడవషెడ్డులో చదివినట్టే చదివాడు, ఒక్క మాటా తడబడలేదు. కింద సంతకం. ఆరోగ్య విభాగం అధిపతి. "త్రూల్స్" అని చదివి, అద్దాలు తీశాడు.

చూశాడు. ఏడేళ్ళు ఈ క్షణం కోసమే. త్రూల్స్ మొహం తెల్లబడలేదు, ఎర్రబడలేదు. తల కొంచెం వంచుకున్నాడు. పై నుంచి చెప్పారు, రాశాను, అన్నట్టుగా పెదవి కొరుక్కున్నాడు, ఎడమ పక్క, సరిగ్గా కుట్టు ఉన్నచోట. గాలం గుచ్చుకున్న మూడేళ్ళ వాడు. అంతే. అందులో ఏమీ లేదు. ఉత్తరం చదివేశాడు, చేతిలో చిరుగుల కాగితం ఒకటి మిగిలింది, బరువు కూడా లేదు దానికి. ఇన్నేళ్ళూ దీన్నా మోసింది. ఇక దిగిపోవాలి. సంతకం దగ్గర ఆగి దిగిపోవాలని కదా అనుకున్నది. దిగలేదు. ఉత్తరం రాసినవాడు ఒక్కడే, సంతకం ఉంది, పట్టుకోవచ్చు. ఆ ఉదయానికి సంతకం ఎవరిది?

"ఇంకొక మాట" అన్నాడు. "మీకు ఒంట్లో బాగాలేకపోతే ఏ నంబరుకి చేసేవాళ్ళు?"

తిడుతున్నాడా, అడుగుతున్నాడా తెలియక జనం కూర్చున్నారు.

"అడుగుతున్నాను. ఏ నంబరుకి?"

"నాలుగు ఒకటి తొమ్మిది" అంది ఆల్‌ఫ్రిడ్, ముందు వరసలోంచి, బళ్ళో అప్పజెప్పినట్టు. వెనక ఎవరో అదే గొణిగారు. ఆ వెనక ఇంకొకరు. తర్నోయ నుంచి వచ్చిన ఆడవాళ్ళు, బయటి దిబ్బల వాళ్ళు, ఎప్పుడో ఆవలి ఒడ్డుకి మారిపోయిన వాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, నాలుగు ఒకటి తొమ్మిది, నాలుగు ఒకటి తొమ్మిది, ప్రార్థనలో ఆమెన్ అన్నంత మెల్లగా.

"నేనూ దానికే చేశాను" అన్నాడు ఓస్మున్. "ఆమె నేల మీద పడి ఉంది. నేను పక్కన నిలబడి నర్సుకి ఫోన్ చేశాను. నడవాలో మోగింది. మా ఇంట్లోనే మోగింది. నాకు తెలియలేదు. ఎవరూ తియ్యడం లేదేమని తిట్టుకున్నాను. ఎక్కడ చచ్చిందీ మనిషి అన్నాను. పెట్టేసి మళ్ళీ చేశాను." ఆగాడు. చెప్పకుండా ఉండటానికి ఇంకా వీలుంది. ఎదురుగా నూట యాభై మంది, ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళు సగం. "మోగుతుంటే ఆమెకి వినపడింది. బాగున్న చెయ్యి నేలకి ఆనించింది. లేవబోయింది. ఫోన్ తియ్యడానికి లేవబోయింది."

బయట బల్లకట్టు పడవ కూత వేసింది.

"దీవి మొత్తం మీద నర్సుకి జబ్బు చేస్తే ఎవరికి చెప్పాలో ఏ ఒక్కడికీ తెలియదు. నాకూ తెలియదు. మీరెవరూ ఆలోచించలేదు. ఆమె మొగుణ్ణి, నేనూ ఆలోచించలేదు. భవనానికి ఆమె పేరు అక్కర్లేదు, తీసెయ్యండి. ఆ నంబరుకి పలికే మనిషిని దీవి మీద పెట్టండి. ఇప్పుడు బయటికి పోయిన పిల్లనే పెట్టండి. దానికి జబ్బు చేస్తే ఎవరు వెళ్ళాలో అది కూడా రాసి దుకాణంలో అంటించండి."

త్రూల్స్ మైకు దగ్గరికి వచ్చాడు. "ఈ విషయాన్ని... తప్పకుండా వచ్చే సమావేశం అజెండాలో..."

"నీ అజెండా తగలెట్టా" అంది ఆల్‌ఫ్రిడ్, ఆమె గుసగుసే అది, హాలంతా విన్నది. ఎవరూ నవ్వలేదు. ఆఫీసు అమ్మాయి ఏం చెయ్యాలో తెలియక, కార్యక్రమం కాగితంలో తర్వాతి గీత చూసి, కాఫీ, కేకు సిద్ధంగా ఉన్నాయి అని చెప్పేసింది. ఎవరూ లేవలేదు.

ఓస్మున్ చట్రం కట్టిన కాగితాన్ని కుర్చీ మీద వదిలేసి, తెల్లగుడ్డ బల్ల మీంచి నల్లపెట్టె తీసుకున్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. ఖాళీ పెట్టె అయినా బరువుంది. జీవితంలో మొదటిసారి దాన్ని చేత్తో మోసుకుంటూ మూడు మెట్లు దిగి వచ్చి, తన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్నాడు. గోరుతో తాళం కింది అంచు గీకాడు. మెరుగు కింద, సందులో, కొంచెం ఉప్పు మిగిలి ఉంది.

ఆల్‌ఫ్రిడ్ అతని వైపు చూడలేదు. ముందుకే చూస్తూ, ఈసారి నిజంగానే మెల్లగా అడిగింది.

"మంగళవారం మళ్ళీ చేస్తే తీస్తావా?"

ఓస్మున్ పెట్టె తాళాన్ని వేలితో తడిమాడు.

"తీసి ఏం చెప్పను? నర్సు లేదని చెప్పాలి."

"లేదని నాకూ తెలుసు" అంది ఆల్‌ఫ్రిడ్. "అయినా తియ్యి."